పొట్ట ‘విప్పి’ చూడాలా, ‘విచ్చి’ చూడాలా?

అరసున్న:
మూడు రోజులుగా ఒక్క అక్షరం ముల్లులా గుచ్చుతోంది. కోత లేకుండా సీటీ స్కానుతో చేసే శవపరీక్ష మీద ఆదివారం సంచికకు వ్యాసం దిద్దుతున్నాను. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021 మార్చిలో మొదలుపెట్టిన పద్ధతి అది. ‘పొట్ట విప్పని శవపరీక్ష’ అని శీర్షిక పెట్టాను. మేడిపండు పద్యం అందరి నోటా ఉన్నదే కదా అన్న ధైర్యం. మా డెస్కు ఇన్‌ఛార్జి గారు ఎర్ర సిరాతో ‘ప్ప’ కొట్టేసి ‘చ్చ’ రాశారు. వేమన్న అన్నది ‘పొట్ట విచ్చి చూడ’ అట. నా చెవిలో మాత్రం మా పంతులుగారి ‘విప్పి’ మోగుతోంది. ఏది అసలు పాఠం?

వట్రుసుడి:
‘విచ్చి’యే. ఛందస్సు ఇక్కడ సాయం చేయదు. విప్పి, విచ్చి రెండూ గలమే, అంటే ఒక గురువు, ఒక లఘువు. యతి ‘పొట్ట’లోని ‘పొ’కూ ‘పురుగులుండు’లోని ‘పు’కూ కుదిరింది, ప్రాస నియమం ఆటవెలదికి లేదు. కాబట్టి మాట వాడుకను బట్టే తేల్చాలి. విప్పడం ముడికి, మూటకు, కట్టుకు. పండుకు ముడి ఎక్కడిది? రెండు పాఠాల్లో తేలికగా అర్థమయ్యేది సాధారణంగా తరవాతివాళ్లు మార్చినదై ఉంటుంది. బళ్లలో ‘విచ్చి’ కొరుకుడు పడక ‘విప్పి’ చేశారని నా నమ్మకం.

శకటరేఫ:
నెమలి పురి విప్పుతుంది, పాము పడగ విప్పుతుంది, సాక్షి నోరు విప్పుతాడు. వీటిలో ఏ ముడి ఉంది వట్రుసుడి గారూ? ‘విచ్చు’ తనంతట తాను జరిగేది. మొగ్గ విచ్చింది అంటాం, మొగ్గను విచ్చాను అనం. పద్యంలో చూసేవాడు ఒకడు ఉన్నాడు. చూడటం అతని పని అయినప్పుడు ముందున్న క్త్వార్థకం (‘చేసి’, ‘విప్పి’ లాంటి అసమాపక క్రియ) కూడా అతని పనే కావాలి. మేడిపండు తనంతట విచ్చుకోదు. ఎవరో చిదమాలి.

తలకట్టు:
‘వాన కురిసి చెరువు నిండింది’ అంటాం. కురిసింది వాన, నిండింది చెరువు. కర్త ఒక్కటే కావాలన్న నియమం తెలుగువాళ్ల నోట ఏనాడూ గట్టిగా నిలవలేదు. పైగా ‘విచ్చుకత్తి’ని మరిచిపోయారు. ఒర దూసిన కత్తి అది. కత్తి తనంతట తాను ఒర దాటి రాదు కదా.

శకటరేఫ:
విచ్చుకత్తి మంచి సాక్ష్యమే, ఒప్పుకుంటాను. కానీ అది సమాసంలో గడ్డకట్టిన మాట. ‘కత్తి విచ్చాడు’ అన్న వాక్యం ఒక్కటి చూపండి.

కొమ్ముదీర్ఘం:
నేను న్యాయవైద్యంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ‘విప్పడం మూటకు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. స్కానుకు వచ్చే శవం సంచిలోనే ఉంటుంది. జిప్పు తీయనక్కర్లేదు. సంచితో సహా బల్ల మీద పెడితే ఎక్స్‌రే గొట్టం చుట్టూ తిరుగుతూ పొరలు పొరలుగా చిత్రాలు తీస్తుంది. విరిగిన ఎముక, తలలో గడ్డకట్టిన నెత్తురు, దిగబడిన తూటా, పుచ్చుపంటికి పెట్టిన సిమెంటు అన్నీ తెరమీదికి వస్తాయి. కాబట్టి ‘విప్పని’ అన్న శీర్షిక ఏ కొలతతో చూసినా నిజమే.

తూటా సంగతి ఒకటి చెప్పాలి. ఛాతీ మీద రంధ్రం, వీపు మీద ఏమీ లేదు. కోసి వెతికితే దారి మధ్యలో మాయమయ్యేది. ముందుగా ఎక్స్‌రే తీసిన ఒక కేసులో అది తుంటి ఎముక పక్కన తెల్లగా మెరుస్తూ కనిపించింది. లేకపోతే ఆ రోజు సాయంత్రం దాకా వెతికేవాళ్లం.

శకటరేఫ:
ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన ‘ఓట్జీ’ సంగతీ అంతే కదా. సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి. ఎడమ భుజంలో దిగిన రాతి బాణపు మొన 2001లో ఇటలీలోని బొల్జానోలో తీసిన ఎక్స్‌రేలో బయటపడింది. అంతవరకూ చలికో అలసటకో పోయి ఉంటాడని చాలామంది అనుకున్నారు. విప్పకుండానే హత్య అని తెలిసింది.

ఏత్వం:
అసలు మాట ‘శవపరీక్ష’ను ఎవరూ పట్టించుకోవడం లేదు. పరి అంటే చుట్టూ, ఈక్ష అంటే చూపు. చుట్టూ చూడటమే పరీక్ష. కొమ్ముదీర్ఘం గారు చెప్పిన తిరిగే గొట్టం సరిగ్గా ఆ పనే చేస్తోంది. కోత ‘శవచ్ఛేదన’లో ఉంది, శవపరీక్షలో లేదు. ‘ఆటాప్సీ’లోనూ లేదు. గ్రీకులో ‘తాను’, ‘చూపు’ కలిసి స్వయంగా కళ్లారా చూడటం అని అర్థం. 1990ల చివర స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో డిర్న్‌హోఫర్, థాలీ బృందం ఈ పని మొదలుపెట్టినప్పుడు అందులోంచి ‘తాను’ను తీసేసి, ‘వర్చువల్’ను చేర్చి ‘వర్టాప్సీ’ అన్నారు. చూసేవాడి సొంత అభిప్రాయం తగ్గాలనీ, చిత్రం ఎవరు తెరిచినా అదే కనిపించాలనీ వాళ్ల వాదన.

నాకు ఈ మాట పట్టింపు ఎందుకంటే, మా మేనమామ రోడ్డు ప్రమాదంలో పోయినప్పుడు మార్చురీ బయట వేపచెట్టు కింద కూర్చుని అమ్మమ్మ వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగింది: “కోశారా?” అప్పుడు ఆమెకు చెప్పడానికి మా దగ్గర కోత లేని మాట లేదు. ఇప్పుడు పద్ధతి వచ్చింది. ‘వర్చువల్ అటాప్సీ’ అని ఆమెకు చెప్పలేం. ‘స్కానింగుతో శవపరీక్ష’ అని చెప్పగలం.

కొమ్ముదీర్ఘం:
ఏత్వం గారూ, మీ అమ్మమ్మ గారి ప్రశ్న నేను వేల గొంతుల్లో విన్నాను. అయినా ఒక హెచ్చరిక చేయాలి. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో మాంచెస్టర్, ఆక్స్‌ఫర్డ్ వైద్యుల అధ్యయనం వచ్చింది. 182 మరణాల్లో స్కాన్ చెప్పిన కారణాన్ని కోసి చూసినప్పుడు తేలిన కారణంతో పోల్చారు. సీటీలో 32 శాతం, ఎమ్మారైలో 43 శాతం కేసుల్లో పెద్ద తేడాలు వచ్చాయి. గుండె రక్తనాళాల జబ్బు, ఊపిరితిత్తుల్లో అడ్డుపడ్డ గడ్డ వంటివి స్కానుకు చిక్కలేదు. మన జిల్లాల్లో ఎక్కువగా చూసే పురుగుమందు చావుల్లో అయితే పొట్ట విప్పక తప్పదు. జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండం ముక్కలు సీసాల్లో ఉప్పునీళ్లలో పెట్టి, లక్కముద్ర వేసి ప్రయోగశాలకు పంపాలి. అంతకన్నా ముందు, జీర్ణాశయం తెరవగానే వాసన చూస్తాం. ఆ ఒక్క క్షణం చాలా చెబుతుంది.

తలకట్టు:
‘వాసన చూస్తాం’! మనం ఇంతసేపూ తప్పు అక్షరం దగ్గర కూర్చున్నాం. తేలాల్సింది ‘విప్పి’ కాదు, పక్కనున్న ‘చూడ’. తెలుగులో చూడటం కంటితో ఆగదు. వాసన చూస్తాం, రుచి చూస్తాం, నాడి చూస్తాం, పట్టి చూస్తాం. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’ అన్నప్పుడు వేమన్న ఒకే మాటను రెండుసార్లు ఊరికే వాడలేదు. మొదటి చూడటానికి రెండూ తెలుపే. రెండో చూడటం నాలుకది.

కొమ్ముదీర్ఘం:
ఆ పద్యం మా తెరమీద రోజూ కనిపిస్తుంది. రక్తనాళంలో గాలి స్కానులో నల్లగా ఉంటుంది. గాయంలోంచి లోపలికి పోయిన గాలీ, కుళ్లడం వల్ల పుట్టిన వాయువూ ఒకే నలుపు. ఎంత ఉంది, ఎక్కడెక్కడ ఉంది, చనిపోయి ఎన్ని గంటలైంది అన్నవి కలిపి చూస్తేగాని జాడ తెలియదు.

వట్రుసుడి:
‘చూడ చూడ’ను అలా విడదీయడం నాకు సమ్మతం కాదు. అది ‘పోను పోను’, ‘వినగ వినగ’ లాంటి ద్విరుక్తి. చూడగా చూడగా అని అర్థం. రెండు వేర్వేరు ఇంద్రియాలను అందులో ఇరికించడం వ్యాఖ్యాత ఉత్సాహం.

తలకట్టు:
ద్విరుక్తి అయితే ఎంతసేపు చూసినా కన్నే కదా. కంటికి రుచి ఎలా తెలుస్తుంది? నా ప్రశ్నకు జవాబు చెప్పి అప్పుడు ద్విరుక్తి అనండి.

అరసున్న:
అందరికీ నమస్కారం. పేజీ రాత్రి ఎనిమిదికి వెళ్లాలి. ఏత్వం గారి ‘స్కానింగుతో శవపరీక్ష’ను వ్యాసం లోపల అంతటా వాడాను. కొమ్ముదీర్ఘం గారు చెప్పిన వాసన సంగతి చివరి పేరాలో చేర్చాను. అది లేకపోతే పాఠకులు ఇక కోతే అక్కర్లేదనుకుంటారు. శీర్షిక మాత్రం డెస్కు ఇన్‌ఛార్జి గారి చేతిలో ఉంది. ‘విచ్చి’ అని దిద్దిన ఆయనే, ‘విచ్చని శవపరీక్ష’ అని రాసుకుని పైకి చదివి, చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ ఉన్నారు.

వట్రుసుడి:
‘విచ్చని’ అక్కడ అతకదు, అది నిజమే. అయినా పద్యంలో ‘విచ్చి’యే. తలకట్టు గారూ, రుచి సంగతికి వస్తాను. ‘జాడ’ అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం.