బాబు స్కానింగులో ‘క్లోమానికి (పాంక్రియాస్‌కి) కొవ్వు పట్టింది’ అని రాశారు, ఎవరికైనా అనుభవం ఉందా?

నాగావళి అమ్మ (శ్రీకాకుళం):
బాబుకు 14 ఏళ్లు, బరువు 82 కిలోలు. కడుపునొప్పి అంటే స్కానింగ్ తీయించాం. కాలేయానికీ, క్లోమానికీ కొవ్వు పట్టిందన్నారు. పరగడుపు షుగరు 104, మూడు నెలల సగటు షుగరు (HbA1c) 5.8 శాతం. మెడ వెనుక నల్లగా ఉంది. డాక్టరు గారు బరువు తగ్గించమన్నారు, మందు రాయలేదు. మందు అక్కర్లేదా? ఎంఆర్ఐ తీయించాలా?

చీపురుపల్లి తల్లి:
మెడ నలుపు మాత్రం తోమకండి అమ్మా. మా పాపకు రెండేళ్లు శనగపిండి, పెరుగు పట్టించి రుద్దాను. చర్మం కందిపోయి ఏడ్చేది. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే అలా వస్తుందని తర్వాత తెలిసింది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

రాజాం వంటిల్లు:
అన్నం మానిపించి చోడి (రాగి) అంబలి పోయండి. మా ఇంట్లో ముగ్గురం తగ్గాం.

బొబ్బిలి మాస్టారు:
చోళ్లలో ఉన్నదీ పిండిపదార్థమే కదండీ. మా బావగారు పొద్దున్నే రెండు గ్లాసుల అంబలి తాగి, మధ్యాహ్నం అన్నం మామూలుగానే తిన్నారు. షుగరు పెరిగింది.

రాజాం వంటిల్లు:
మా తాతలు చోళ్లు తినే బతికారు. వాళ్లకు ఈ రోగాలు ఉన్నాయా?

బొబ్బిలి మాస్టారు:
మీ తాతగారు రోజంతా నాగలి దున్నారు. ఈ కాలం పిల్లలు ఫోను వదలరు.

నాగావళి అమ్మ:
మా వాడు ఫోను వదలడని మీకెవరు చెప్పారు మాస్టారూ? ఉదయం 6 గంటలకు వెళ్తే రాత్రి 8 గంటలకు ఇంటికి వస్తాడు. వాళ్ల స్కూల్లో ఆడుకోవడానికి జానెడు నేల లేదు.

బొబ్బిలి మాస్టారు:
తప్పయిందమ్మా. తెలియక అన్నాను.

కవిటి కొబ్బరితోట:
క్లోమం చెడితే కిడ్నీ కూడా చెడుతుందా? మా ఉద్దానంలో కిడ్నీ భయంతోనే బతుకుతున్నాం.

స్కానింగ్ గది (విజయనగరం):
11 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. క్లోమం జీర్ణాశయం వెనుక, వెన్నుకు దగ్గరగా ఉంటుంది. ముందు గ్యాసు ఉంటే తోక భాగం కనిపించదు, అందుకే పరగడుపున రమ్మంటాం. కొవ్వు పడితే తెరమీద తెల్లగా కనిపిస్తుంది. అది అంచనా మాత్రమే, శాతం తేలాలంటే ఎంఆర్ఐ కావాలి. తేలినా ఇప్పుడు చేయవలసింది బరువు తగ్గించడమే. ముందు టేపు తీసుకుని నడుము కొలవండి. ఎత్తులో సగం దాటకూడదు.

జీవశాస్త్రం:
ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో డాక్టర్ రాయ్ టేలర్ బృందం 2011లో చూపించింది ఇదే. టైప్ 2 మధుమేహం ఉన్న 11 మందికి 8 వారాలు రోజుకు 600 కేలరీల ఆహారం ఇస్తే కాలేయంలో, క్లోమంలో కొవ్వు తగ్గి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు మళ్లీ బాగా పనిచేశాయి.

రాజాం వంటిల్లు:
అయితే బాబుకు కూడా 600 కేలరీలే పెడితే సరి.

జీవశాస్త్రం:
దయచేసి ఆ మాట అనకండి! వాళ్లందరూ పెద్దవాళ్లు, వైద్యుల కనుసన్నల్లో ఉన్నవాళ్లు. ఎదిగే పిల్లవాడి కడుపు మాడుస్తారా?

రాజాం వంటిల్లు:
ఎవరి కడుపూ మాడ్చమనలేదు. మీ చదువు మీ దగ్గరే ఉంచుకోండి.

పాలకొండ కుర్రాడు:
16 ఏళ్లప్పుడు నాకూ స్కానింగులో ఇదే వచ్చింది, 91 కిలోలు ఉండేవాణ్ణి. ఏడాదిలో 9 కిలోలు తగ్గాను, షుగరు మామూలైంది. అప్పుడు శ్రీకాకుళంలో ఉండేవాళ్లం. అమ్మ కూల్‌డ్రింకులు కొనడం మానేసింది, నాకొక్కడికే కాదు, అందరికీ. నాన్న రోజూ సాయంత్రం కోడి రామమూర్తి స్టేడియం వైపు నాతో నడిచేవారు. బరువు గురించి ఒక్క మాట ఎత్తేవారు కాదు. బెల్టు వదులైతే మేకు కాల్చి కొత్త రంధ్రం పెట్టింది ఆయనే.

నాగావళి అమ్మ:
ఇప్పుడే కొలిచాను. ఎత్తు 162, నడుము 96. టేపు చుట్టగానే వాడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. వదలరా నాన్నా అన్నాను. వదిలాక మళ్లీ కొలిస్తే 99.