గ్రామసభకు జనం రావాలంటే ఏం చేయాలి?

మానేరు తీరం (ప్రశ్న):
మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. కాగితం మీద జరుగుతూనే ఉంది. హాజరయ్యేది మాత్రం వార్డు సభ్యులు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, దరఖాస్తులతో వచ్చిన కొద్దిమందే. కోరం (ఉండాల్సిన కనీస హాజరు) కోసం సంతకాల పుస్తకం ఆ తర్వాత ఇంటింటికీ తిరుగుతుంది. ఇళ్ల జాబితానో పింఛన్ల జాబితానో చదువుతారంటే మాత్రం కూర్చోవడానికి చోటు చాలదు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే కదా. మురుగు కాలువలు, పంచాయతీ జమాఖర్చుల మీద చర్చకు కూడా వారిని రప్పించే మార్గం ఏమిటి?

విశ్రాంత కార్యదర్శి:
జాబితా చదివే రోజు వస్తున్నారంటే వారికి ఆసక్తి లేదనలేం. తాము వెళ్తే ఏదో ఒకటి తేలుతుందనుకున్న సభకు వస్తున్నారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కిందటి సభ తీర్మానాలను ఒక్కొక్కటిగా చదివి, ఏది పూర్తయింది, ఏది ఎందుకు ఆగింది, ఎంత ఖర్చయింది అని చెప్పిన తర్వాతే కొత్త అంశాలు ఎత్తుకునేవాళ్లం. సర్పంచులకు ఇది సాధారణంగా నచ్చదు, ఎందుకంటే ఆగిన పనుల చిట్టాయే పొడవుగా ఉంటుంది. కానీ ఆ కారణం విన్నవారే మరుసటి సభకు వచ్చి మళ్లీ అడుగుతారు. నిధుల షరతులు కూడా ముందే చెప్పాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. ఆ సంగతి తెలియక సిమెంటు రోడ్డు అడిగి, అది రాకపోయేసరికి సభకు వెళ్లడమే దండగ అనుకున్నవారు ఎందరో.

త్రిశూర్ తెలుగువాడు:
కేరళలో గ్రామసభ వార్డుకొకటి. 1996లో ప్రజాప్రణాళిక ఉద్యమం మొదలైనప్పుడు రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35-40 శాతాన్ని స్థానిక సంస్థలకు అప్పగించి, సభలో జనాన్ని వ్యవసాయం, విద్య, తాగునీరు వంటి విషయాల వారీగా చిన్న బృందాల్లో కూర్చోబెట్టారు. మైకు ముందు నోరు విప్పనివారు కూడా అక్కడ మాట్లాడగలిగారు. తర్వాతి కాలంలో అక్కడా లబ్ధిదారులే ఎక్కువగా రావడం మొదలైందనుకోండి. కనుక నిధులు లేకుండా ఆ పద్ధతిని మాత్రమే తెచ్చుకుంటే ఫలితం ఉంటుందని నేననుకోను.

సమాఖ్య సభ్యురాలు:
మండలం అధికారుల వీలు చూసి ఉదయం పదకొండింటికి సభ పెడితే, నాట్లకు పోయిన ఆడవాళ్లు ఎట్లా వస్తారండీ? మహారాష్ట్రలో గ్రామసభకు ముందే మహిళా సభ జరపాలన్న నిబంధన ఉంది. మన దగ్గర ఆ పని గ్రామ సమాఖ్య, అంటే ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘం, సమావేశంలోనే చేసుకోవచ్చు. వేళతో పాటు స్థలం కూడా చూడాలి. ప్రతిసారీ పెద్దల వీధిలోనే కాకుండా ఒకసారి ఎస్సీ కాలనీలో పెట్టి చూడండి, ఎవరు మాట్లాడతారో తెలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీ బృందాలు ముందుగా గడప గడపకూ వెళ్లి మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చదివి వినిపించేవి. తన పేరిట ఎన్ని పనిదినాలు రాశారో అప్పటికే తెలిసిన కూలీ, తనిఖీ చివర అందరి ముందు జరిగే ప్రజావేదికలో నిలబడి అడగగలిగేది.

మానేరు తీరం:
కార్యదర్శి గారూ, పాత తీర్మానాల నకళ్లు ఓటరుగా అడిగితే ఇస్తారా?

విశ్రాంత కార్యదర్శి:
ముందు నోటిమాటగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన నకలును సభకు వారం ముందే పంచాయతీ గోడకు అంటించండి.