కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ పాస్: మొదటి సెమిస్టర్‌లోనే కొనాలా, వద్దా?

ఓరుగల్లు_కుర్రాడు:

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. ఈ ఆగస్టులోనే ఎమ్మెస్‌కి అమెరికా వచ్చాను. పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, దాన్ని ఇక్కడ సాకర్ అంటారు) టీమ్ ఉన్న స్టేట్ యూనివర్సిటీ. స్టూడెంట్ సీజన్ పాస్ 280 డాలర్లు. ఈ సీజన్‌లో మా స్టేడియంలో ఏడు మ్యాచ్‌లు. శుక్రవారం రాత్రితో గడువు అయిపోతుంది.

ఏడుకు పంచితే మ్యాచ్‌కు 40 డాలర్లు. కానీ క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తే ఒక మ్యాచ్ మిడ్‌టర్మ్‌కు రెండు రోజుల ముందు, ఒకటి థాంక్స్‌గివింగ్ సెలవుల్లో, రెండు మ్యాచ్‌లు ఎప్పుడూ వినని చిన్న టీమ్‌లతో. అవి తీసేస్తే మిగిలేవి మూడే. అప్పుడు ఒక్కోదానికి 93 డాలర్లు పైనే పడుతుంది.

క్యాంపస్‌లో పని ఇంకా దొరకలేదు. నాన్నకు ఫోన్‌లో చెప్తే "కాలేజీ పిల్లల ఆట చూడ్డానికి పాతిక వేలా?" అన్నారు. కోప్పడలేదు, నిజంగానే అర్థంకాక అడిగారు. నాకు జవాబు తోచలేదు. మా ఊరి కాలేజీలో కబడ్డీ పోటీలైతే గోడ మీద కూర్చుని చూసేవాళ్లం, టికెట్ అన్న మాటే ఉండేది కాదు. కానీ రోజూ సాయంత్రం బ్యాండ్ ప్రాక్టీస్ డప్పులు మా కిటికీలోంచి వినిపిస్తుంటాయి. అవి వింటుంటే వెళ్లాలనిపిస్తోంది. ఏం చేయమంటారు?

లోన్_ఉన్నవాడు:

తమ్ముడూ, ఈ సెమిస్టర్‌కు వద్దు. ఎందుకంటున్నానో విను.

మన స్టూడెంట్ వీసా, అంటే ఎఫ్-1 మీద తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. గంటకు పది డాలర్లు వచ్చినా 280 అంటే 28 గంటలు. దాదాపు వారంన్నర కష్టం. నీకు ఆ పని కూడా ఇంకా దొరకలేదు. ఇంటి డిపాజిట్ కట్టుంటావు, చలికోటు కొనాలి, ఏ పుస్తకం కొనమంటారో తెలీదు. చదువుకునే రోజుల్లో లోన్‌కు ఈఎంఐ ఉండకపోయినా వడ్డీ పడుతూనే ఉంటుంది. నేను చదివిన రెండేళ్లలో ఎంత పడిందో పాసైన తర్వాత స్టేట్‌మెంట్ తీసి చూసుకుని, ఆ రాత్రి నిద్రపోలేదు.

నేనూ మొదటి సెమిస్టర్‌లోనే పాస్ కొన్నాను. రూమ్మేట్లు ముగ్గురూ కొంటే కొన్నాను. వెళ్లింది రెండు మ్యాచ్‌లకు. మూడోదాని రోజు అసైన్‌మెంట్ ఉండి, డాలస్ నుంచి వచ్చిన మా బావకు టికెట్ ఇద్దామనుకున్నాను. స్టూడెంట్ టికెట్ మీద బయటివాళ్లు లోపలికి రావాలంటే అదనంగా కట్టాలన్నారు. గేటు దగ్గర ఆ మాట చెప్పి వెనక్కి పంపేశారు. తప్పు నాదే, నిబంధన చదవలేదు. కానీ ఎండలో అంతదూరం నడిచొచ్చిన మనిషి ముఖం చూసి నాకు చాలా బాధేసింది.

చిన్న టీమ్‌తో మ్యాచ్ అయితే ఆ రోజుకు విడిగా టికెట్ చాలాసార్లు తక్కువకే దొరుకుతుంది. ఒకటి చూడు. నచ్చితే వచ్చే ఏడాది పాస్ కొనుక్కో. స్టేడియం ఎక్కడికీ పోదు.

ఆగీ_2019:

పై అన్న చెప్పిన డబ్బు లెక్కలో తప్పేం లేదు. "వచ్చే ఏడాది కొనుక్కో" అన్నదాని దగ్గరే నాకు అభ్యంతరం. ఎమ్మెస్ అంటే రెండేళ్లు, అంటే రెండే ఫుట్‌బాల్ సీజన్లు. రెండోదానికి సగం మనసు ఉద్యోగం వెతుకులాటలోనే ఉంటుంది. నేను మొదటి ఏడాది కొనలేదు, రెండో ఏడాది కొన్నాను. మొదటి ఏడాది పోగొట్టుకున్నానన్న బాధ ఇప్పటికీ ఉంది.

నేను చదివింది టెక్సాస్ ఏ అండ్ ఎమ్. మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో 1,02,733 మంది పడతారు. అక్కడ స్టూడెంట్లు మ్యాచ్ మొత్తం నిలబడే చూస్తారు. ఎందుకంటే 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో మ్యాచ్ జరిగింది. మావాళ్లు ఒక్కొక్కరే దెబ్బలు తగిలి బయటికి వస్తుంటే, ఫుట్‌బాల్ మానేసి బాస్కెట్‌బాల్ ఆడుతున్న ఇ. కింగ్ గిల్ అనే స్టూడెంట్‌ను కోచ్ డానా బైబిల్ పైన ప్రెస్ బాక్సులోంచి కిందికి పిలిపించారు. అతను గాయపడ్డవాడి డ్రెస్ వేసుకుని చివరిదాకా గీత పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. దిగాల్సిన అవసరం రాలేదు, టీమ్ 22–14తో గెలిచింది. గ్రౌండ్‌లో టీమ్‌కు ఉండేది పదకొండు మంది, కాబట్టి అప్పటినుంచి స్టూడెంట్లంతా "పన్నెండో ఆటగాళ్లు". అవసరమైతే మేమూ దిగుతాం అన్నట్టు నిలబడతారు.

పాస్ ఉన్నంత మాత్రాన మంచి సీటు రాదు. మ్యాచ్ ఉన్న వారంలో వెళ్లి టికెట్ తీసుకోవాలి, దాన్నే "టికెట్ పుల్" అంటారు. సీనియర్లకు, గ్రాడ్ స్టూడెంట్లకు సోమవారం, ఆ తర్వాత మిగతావాళ్లకు. పెద్ద మ్యాచ్ అయితే రాత్రి నుంచే గుడారాలు వేసుకుని పడుకుంటారు. మేం ఆరుగురం వంతులు వేసుకుని కూర్చున్నాం. మాలో తెలుగువాళ్లు ఇద్దరమే. మిగతా నలుగురూ నాకు అక్కడే పరిచయం. ఒకతనితో ఈ రోజుకీ ఫోన్లు నడుస్తున్నాయి.

ఇక 2018 నవంబర్ 24, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)తో మ్యాచ్. నువ్వు తీసేద్దామనుకుంటున్న థాంక్స్‌గివింగ్ వారాంతమే అది. ఊరికి వెళ్లేవాళ్లు వెళ్లిపోయారు, నాకు వెళ్లడానికి ఇల్లు లేదు కాబట్టి స్టేడియానికి వెళ్లాను. ఆట సమయం అయిపోయేసరికి 31–31. ఓవర్‌టైమ్ అంటే ఏంటో నాకు తెలీదు. పక్కనున్న అమ్మాయి నా అరచేతి మీద పెన్నుతో గీత గీసి, 25 గజాలు అని రాసి, "ఇక్కణ్ణుంచి వాళ్లకో ఛాన్సు, మనకో ఛాన్సు" అని చెప్పింది. ఒకటి అయింది, రెండు అయ్యాయి. నాలుగోదానికి మోకాళ్లు పట్టేశాయి, ఎవరూ కూర్చోలేదు. ఫోన్ ఎప్పుడో ఆగిపోయింది. ఏడో ఓవర్‌టైమ్‌లో కెండ్రిక్ రోజర్స్ రెండు పాయింట్లు తెచ్చే బంతిని పట్టుకోగానే 74–72. జనం గ్రౌండ్‌లోకి దూకారు, నేనూ దూకాను. దాదాపు ఐదు గంటలు పట్టిన మ్యాచ్ అది. ఆ మరుసటి ఏడాదే ఓవర్‌టైమ్ రూల్స్ మార్చేశారు. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కోవడానికి మనసొప్పలేదు.

అన్నీ అలాగే ఉంటాయని అబద్ధం చెప్పను. సీజన్ మొదటి మ్యాచ్ 59–7, సగంలోనే విసుగొచ్చింది. యూఏబీ అనే ఇంకో యూనివర్సిటీతో మ్యాచ్‌కు హాఫ్‌టైమ్‌లోనే వచ్చేశాను. ఏడింటిలో ఐదు చూశాను. అయినా కొనమనే చెప్తాను.

లోన్_ఉన్నవాడు:

చదువుతుంటే నాకే రోమాలు నిక్కబొడిచాయి. కానీ ఏడు ఓవర్‌టైమ్‌ల మ్యాచ్ ఎన్నేళ్లకొకటి వస్తుంది అన్నా? లాటరీ తగిలినవాడు టికెట్ కొనమన్నట్టుంది. ఇతనికి వచ్చేది 59–7 మ్యాచ్ కూడా కావచ్చు. ఇంకో మాట, మీరు కొన్నది రెండో ఏడాది, చేతిలో పని ఉన్నప్పుడు. నేను చెప్తున్నదీ అదే కదా.

టెంపే_ఎండలు:

మీరిద్దరూ వాదించుకునే ముందు ఆ తమ్ముడు తన ఫీజు బిల్లు తీసి చూడాలి. మా అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో 2014లో అథ్లెటిక్స్ ఫీజు అని ప్రతి సెమిస్టర్‌కూ 75 డాలర్లు ట్యూషన్‌తో పాటే వసూలు చేయడం మొదలుపెట్టారు. దాని మీద స్టూడెంట్లకు మ్యాచ్‌లు ఫ్రీ. ఆ సంగతి తెలీక నేను మొదటి సెమిస్టర్ అంతా ఒక్క మ్యాచ్‌కూ వెళ్లలేదు. కట్టేశాను, వాడుకోలేదు. ఇప్పటికీ మనవాళ్లలో చాలామంది అంతే. బిల్లులో చివరి మొత్తం చూసి కట్టేస్తారు, లోపల ఏముందో చదవరు. నీ బిల్లులోనూ అలాంటి లైను ఏమైనా ఉందేమో చూడు.

కృష్ణ_ఒడ్డు_అక్క:

ఒకటి అడగనా? అందరూ ఫుట్‌బాల్ ఒక్కటే ఆట అన్నట్టు మాట్లాడుతున్నారేం?

నేను అమ్మాయిల వాలీబాల్ మ్యాచ్‌లకు వెళ్లేదాన్ని. మా యూనివర్సిటీలో స్టూడెంట్ ఐడీ చూపిస్తే చాలు. హాల్ లోపల కాబట్టి ఎండా లేదు, చలీ లేదు. రెండు గంటల్లో అయిపోతుంది, రాత్రి తొమ్మిదిన్నర బస్సు అందుతుంది. నేను ఒక్కదాన్నే వెళ్లేదాన్ని, ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండేది కాదు. రెండో వరుసలో కూర్చుంటే సర్వ్ చేసే అమ్మాయి బంతిని నేలకు మూడుసార్లు కొట్టి, ఊపిరి పీల్చుకోవడం కూడా కనిపించేది. గుడివాడలో స్కూల్ టీమ్‌కు ఆడిన రోజులు గుర్తొచ్చి మొదటిరోజు కళ్లు తడిశాయి. లక్షమందిలో నిలబడితే ఆ అనుభవం వేరు, కాదనను. కానీ బంతి దగ్గరగా కనిపించాలంటే ఇక్కడికి రావాలి.

ఫుట్‌బాల్ అయితే మూడున్నర గంటలు, అటూ ఇటూ నడక కలిపితే శనివారం పోయినట్టే. డబ్బు సంగతి అందరూ చెప్పారు, ఆ రోజు సంగతి ఎవరూ చెప్పలేదు.

లెక్కల_మాస్టారు:

నాది వేరే అభ్యంతరం. అసలు స్టూడెంట్ల దగ్గర ఎందుకు తీసుకోవాలి? టీవీ హక్కుల మీద పెద్ద కాన్ఫరెన్సులకు (యూనివర్సిటీ టీమ్‌ల లీగ్‌లకు) వచ్చే డబ్బు ముందు మన 280 ఎంత? 2025 జూన్‌లో, కాలేజీ ఆటగాళ్లకు డబ్బు రావాలంటూ వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కు కోర్టు ఆమోదం ఇచ్చాక, యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచుకోవచ్చన్నారు. 2025–26కు ఒక్కో యూనివర్సిటీకి 2.05 కోట్ల డాలర్ల దాకా. ఆటగాళ్లకు ఇవ్వడం న్యాయమే, ఇన్నేళ్లూ ఇవ్వకపోవడమే అన్యాయం. కానీ ఆ భారం పాస్ ధరల మీదికి, ఫీజుల మీదికి జారుతుందని నా భయం. స్టేడియంలో అరిచి ఆ వాతావరణం తెచ్చేది స్టూడెంట్లే, టీవీలో అమ్ముడుపోయేదీ అదే.

ఆగీ_2019:

మాస్టారూ, మీతో ఏకీభవిస్తాను. కానీ ఇతనికి శుక్రవారం గడువు ఉంది, ఆ న్యాయం శుక్రవారంలోపు జరగదు.

అక్క చెప్పిన "శనివారం పోయినట్టే" అన్నది మాత్రం నిజం. నేను అది దాచకుండా చెప్పాల్సింది. సెప్టెంబర్‌లో పగటి మ్యాచ్ పడితే ఆదివారం కూడా పనికిరాను, అంత ఎండ దెబ్బ.

ఓరుగల్లు_కుర్రాడు:

అందరికీ థాంక్స్. టెంపే అన్న చెప్పినట్టు బిల్లు తీశాను. స్టూడెంట్ సర్వీసెస్ కింద ఒక లైను ఉంది. ఆఫీసుకు వెళ్లి అడిగితే, దానితో వాలీబాల్, సాకర్, మామూలు రోజుల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు ఫ్రీ అన్నారు. ఫుట్‌బాల్‌కే పాస్ కావాలి. ఈ ముక్క మా రూంలో ఎవరికీ తెలీదు. అక్కా, గురువారం వాలీబాల్ ఉంది, వెళ్తున్నాను.

ఫుట్‌బాల్ పాస్ కూడా కొన్నాను. లోన్ అన్నా, కోప్పడకండి. థాంక్స్‌గివింగ్‌కు నేను మాత్రం ఎక్కడికి వెళ్తాను? ఆ మ్యాచ్‌ను లెక్కలోంచి ఎందుకు తీసేశానో ఆగీ అన్న రాసింది చదివాక గాని ఆలోచించలేదు. రూమ్మేట్లు వెళ్లిపోతారు, నేనొక్కణ్ణే గదిలో ఉంటాను. మిడ్‌టర్మ్ ముందు మ్యాచ్ మానేస్తాను. మిగతా ఆరూ చూస్తే ఒక్కోదానికి 47 డాలర్లు పడుతుంది. చలికోటు మాత్రం పాతది, సీనియర్ ఇచ్చింది వేసుకుంటాను. నాన్నకు ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్తాను, దాచను.

ఒక చిన్న డౌట్. స్టేడియంలోకి లోపల ఉన్నవి కనిపించే బ్యాగే తేవాలంటున్నారు. అదెక్కడ కొనాలి? ఎంతవుతుంది?

లోన్_ఉన్నవాడు:

కోపమెందుకు తమ్ముడూ. ఆరూ చూడు, అంతే.

బ్యాగ్ కొనకు. వంటింట్లో వాడే ఒక గ్యాలన్ జిప్‌లాక్ కవర్ చాలు, దాన్ని రానిస్తారు. అయినా మీ స్టేడియం సైట్‌లో ఒకసారి చూసుకో, నాలాగా గేటు దగ్గర తెలుసుకోవద్దు. ఫోన్‌కు నిండా చార్జింగ్ పెట్టుకుని వెళ్లు.