లంగరుకీ గొలుసుకీ మధ్య స్వివెల్ ఉంచాలా, తీసేయాలా?

కొత్తచుక్కాని:
అందరికీ నమస్తే. నాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 34 అడుగుల సెయిల్‌బోట్. ముందు కొసన ఉన్న లంగరు సామానంతా పాత ఓనర్ పెట్టించినదే. 8 మి.మీ. గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) గొలుసు, దాని చివర గొలుసు మెలిపడకుండా గిర్రున తిరిగే కీలు, అదే స్టెయిన్‌లెస్ స్వివెల్, ఆ స్వివెల్ నేరుగా లంగరు కాడకే బిగించి ఉంది. నిన్న శుభ్రంగా కడిగి చూస్తే స్వివెల్ మెడ దగ్గర టీ రంగు మరక కనబడింది. తుడిస్తే పోయింది, ఆరాక మళ్లీ ఆ సందులోంచే సన్నగా కారింది. గొలుసు చివరి లింకులకి జింకు పోయి గోధుమ రంగు వచ్చింది, గొలుసు దొర్లుతూ వెళ్లే రోలర్ మధ్యలో లోతుగా గాడి పడింది. తెలిసినవాళ్లలో ఒకరు మొత్తం మార్చెయ్ అంటున్నారు, ఇంకొకరు స్వివెల్ తళతళలాడుతోంది కదా, గొలుసు ఒక్కటీ మార్చు చాలు అంటున్నారు. ముందు దేని సంగతి చూడాలి? అసలు స్వివెల్ అవసరమా?

గొలుసుకట్టు:
ముందు స్వివెల్ తీసి పక్కన పెట్టండి, మిగతావి తర్వాత చూద్దాం. నన్నడిగితే అసలు స్వివెలే వద్దు. ఆ మెరుపుని నమ్మొద్దు. స్టెయిన్‌లెస్ మీద కంటికి కనిపించని పలచటి ఆక్సైడ్ పొర ఉంటుంది, తుప్పు రాకుండా కాపాడేది అదే, అది చెడిన చోట మళ్లీ ఏర్పడాలంటే ఆక్సిజన్ తగలాలి. స్వివెల్ లోపల పిన్ తిరిగే సందులో ఉప్పునీరు చేరి కదలకుండా నిలిచిపోతుంది, గాలి ఆడదు, పొర చెడుతుంది, ఉప్పులోని క్లోరైడ్ లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. తుప్పుని ఎక్కువ తట్టుకునే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అయినా అంతే, కాకపోతే కొంచెం ఆలస్యంగా. అచ్చం మేడిపండు వ్యవహారం. మీకు సందులోంచే మరక కారుతోందంటే లోపల పని మొదలైందనే లెక్క.

పైగా నేరుగా కాడకి బిగించారు. గాలి మళ్లి పడవ పక్కకి జరిగినప్పుడు ఇసుకలో దిగిన లంగరు వెంటనే తిరగదు, గొలుసు మాత్రం పక్కకి లాగుతుంది. స్వివెల్ దవడలు కాడకి అడ్డం పడి లోడంతా దాని మెడ మీద వంపుగా పడుతుంది. చాలా స్వివెల్స్ నిలువు లాగుడుకే, అంటే గొలుసు సాగే దిశలో లాగడానికే తయారుచేస్తారు, అడ్డం లాగుడుకి కాదు.

నిలకడ:
గొలుసుకట్టు గారూ, చుక్కాని గారి స్వివెల్ తీసేయాలన్నంతవరకు ఒప్పుకుంటాను. కానీ అసలు స్వివెలే వద్దు అన్న మాటకి మాత్రం నేను అడ్డమే. నా పడవలో లంగరు పైకొచ్చేటప్పుడు మొన వెనక్కి తిరిగి వస్తుంది, స్వివెల్ లేకపోతే ముందు కొసన పొట్ట మీద వాలి చేత్తో తిప్పాలి. అలలో ఆ పని ఎంత ప్రమాదమో చేసినవాళ్లకి తెలుసు. ఒంటరిగా పడవ నడిపేవాళ్లకి ఇది సౌకర్యం కాదు, భద్రత. బలం రాసి ఉన్న, ఫోర్జ్ చేసిన మంచి స్వివెల్ కొని, లంగరుకీ దానికీ మధ్య నాలుగైదు లింకుల గొలుసు ముక్క వేస్తే మీరు చెప్పిన అడ్డం లాగుడు బాధ పోతుంది. ఆ ముక్క వంగుతుంది కాబట్టి స్వివెల్‌కి ఎప్పుడూ నిలువు లోడే అందుతుంది.

గొలుసుకట్టు:
లింకుల ముక్క వేస్తే అడ్డం లోడ్ సమస్య తీరుతుంది, నిజమే. లోపల ఏం జరుగుతోందో చూడలేకపోవడం అనే సమస్య తీరదు. నా అభ్యంతరమంతా అక్కడే. విప్పి చూడలేని వస్తువుని, రాత్రంతా మన ప్రాణాలు వేలాడే వరుసలో పెట్టడం నాకు ఇష్టం లేదు. షాకిల్‌ని (మర పిన్‌తో మూసే U ఆకారపు కట్టుని) విప్పొచ్చు, పిన్ బయటకి తీసి చూడొచ్చు, వెర్నియర్ పెట్టి కొలవొచ్చు.

ఇక మెలి సంగతి. పడవ లంగరు చుట్టూ తిరిగినా పొడవాటి గొలుసు ఆ మెలిని తనలోనే సర్దుకుంటుంది, లంగరు నేల వదిలాక గిర్రున తిరిగి విప్పుకుంటుంది. లోడ్ మీద ఉన్నప్పుడు చాలా స్వివెల్స్ రాపిడి వల్ల సరిగ్గా తిరగనే తిరగవు.

ఉప్పునీరు:
ఇద్దరూ స్వివెల్ దగ్గరే ఆగిపోయారు. చుక్కాని గారికి ముందు కావలసింది ఏది అరిగింది, ఎంత అరిగింది అన్న లెక్క. గొలుసు రంగు చూసి భయపడకండి, రంగు చూసి ధైర్యమూ తెచ్చుకోకండి. గోధుమ రంగు పైపై తుప్పయితే వైర్ బ్రష్‌తో పోతుంది, కింద లోహం నునుపుగా ఉంటుంది. పొరలుగా ఊడుతోంది, గుంటలు కనబడుతున్నాయి అంటే అది వేరే కథ.

కొలవాల్సింది లింకు పక్క భాగం కాదు. లింకూ లింకూ రాసుకునే వంపు లోపలి భాగం ఉంటుంది చూడండి, అక్కడ. గొలుసుని వదులు చేసి, రెండు లింకుల్నీ ఎడం జరిపి, ఆ వంపు దగ్గర వెర్నియర్ పెట్టండి. ఒకే దిశలో కాకుండా అడ్డంగా, నిలువుగా రెండుసార్లు కొలవండి, ఎందుకంటే అరుగుదల ఒకవైపే ఉంటుంది. చాలామంది పాటించే హద్దు 10 శాతం. 8 మి.మీ. గొలుసైతే 7.2 దగ్గరికి వచ్చిన లింకు ఇక పనికిరాదు. పది శాతమే కదా అనిపిస్తుంది, కానీ బలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వ్యాసం పది శాతం తగ్గితే అడ్డుకోత 19 శాతం తగ్గుతుంది.

చివరి కొన్ని మీటర్లే పాడైతే అంతవరకు కోసేయండి, లేదా గొలుసు మొత్తం తిరగేసి లాకర్‌లో (గొలుసు దాచే అరలో) ఉన్న కొసని లంగరు వైపుకి తెచ్చుకోండి. మిగతాది బాగుంటే మళ్లీ గాల్వనైజ్ చేయించొచ్చు. అయితే హీట్ ట్రీట్ చేసిన హై గ్రేడ్ గొలుసైతే తయారీదారుని అడక్కుండా చేయించొద్దు. ముందు యాసిడ్‌లో కడుగుతారు, తర్వాత దాదాపు 450 డిగ్రీల జింకులో ముంచుతారు, ఆ రెండిటికీ దాని బలం దెబ్బతినే ప్రమాదం ఉంది.

తూర్పుగాలి:
కొలతలూ అవీ అందరూ చేస్తారా అండీ? షాకిల్, స్వివెల్ లాంటి చిన్న సామాను ఏటా మార్చేస్తే టెన్షన్ ఉండదు. గొలుసుతో పోలిస్తే వాటి ఖర్చెంత?

ఉప్పునీరు:
షాకిల్ వరకు మీ పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. కానీ క్యాలెండర్ చూసి మార్చేవాళ్లు మధ్యలో చూడటం మానేస్తారు, అది నాకు నచ్చదు. నెలల తరబడి లంగరు మీదే ఉండే పడవా, ఏడాదిలో నాలుగు రోజులు కదిలే పడవా ఒకే తీరున అరగవు. కొత్త షాకిల్‌కి కూడా పిన్ మర వదులవ్వొచ్చు.

నిలకడ:
షాకిల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. దుకాణంలో షాకిల్ మీద ఒక టన్ను అని ముద్ర చూసి, గొలుసు నాలుగు టన్నులకి తెగుతుంది కదా, ఇది బలహీనం అనుకునేవాళ్లు ఉన్నారు. ముద్ర ఉన్నది పని భారం, అంటే వాడుకలో మోయించదగ్గ భారం, తెగే భారం కాదు. 10 మి.మీ. రేటెడ్ (బలం ముద్ర ఉన్న) షాకిల్‌కి పని భారం ఒక టన్ను, తెగే భారం దానికి ఆరు రెట్లు. గ్రేడ్ 40 (గొలుసు ఉక్కు బలం స్థాయి)లో 8 మి.మీ. గొలుసు తెగే భారం దాదాపు నాలుగు టన్నులు. పని భారాన్ని పని భారంతో, తెగే భారాన్ని తెగే భారంతోనే పోల్చాలి. స్వివెల్ డబ్బాల మీద కూడా ఏది రాశారో చూసుకోండి. ముద్రే లేని మెరిసే షాకిల్స్ మాత్రం ముట్టుకోవద్దు. షాకిల్‌ని కూడా అడ్డం లాగితే 90 డిగ్రీల దగ్గర దాని పని భారం సగానికి పడిపోతుంది, అంటే అడ్డం లోడ్ స్వివెల్‌కి మాత్రమే ఉన్న జబ్బు కాదు గొలుసుకట్టు గారూ.

గొలుసుకట్టు:
ఆ మాట ఒప్పుకుంటున్నాను. అందుకే బో షాకిల్ వాడమంటాను, గుండ్రటి వంపు ఉన్నది, గొలుసు అందులో జరుగుతుంది. సగం బలమైనా ఎంత మిగిలిందో లెక్క వేయొచ్చు. స్వివెల్ మెడ వంగితే ఎంత మిగిలిందో చెప్పేవాళ్లు ఎవరు?

ఇంకొకటి, గాల్వనైజ్డ్ గొలుసు పక్కన స్టెయిన్‌లెస్ ఉప్పునీళ్లలో ఉంటే ఆ చుట్టుపక్కల జింకు తొందరగా కరిగిపోతుంది. చుక్కాని గారి చివరి లింకులు ముందుగా గోధుమ రంగుకి రావడంలో నేల రాపిడితో పాటు దీని వాటా కూడా ఉండొచ్చు.

తూర్పుగాలి:
రోలర్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఉప్పునీరు:
రోలర్‌కి గాడి కన్నా రంధ్రం ముఖ్యం. ఇరుసు పిన్ బయటకి లాగండి. సులువుగా రాకపోతే అది వంగి ఉండొచ్చు. రోలర్ రంధ్రం కోలగా సాగిందా, పిన్ మధ్యలో సన్నబడిందా చూడండి. రోలర్ తిరగడం మానేస్తే గొలుసు దాని మీద రంపంలా పనిచేస్తుంది. తర్వాత రెండు పక్కల రేకులు చూడండి, వెల్డింగ్ మూలల్లో వెంట్రుకంత పగుళ్లు ఉండొచ్చు, టార్చ్ పక్కనుంచి వేస్తేగానీ కనబడవు. చివరగా డెక్ కిందకి దూరి బోల్టుల చుట్టూ తుప్పు చార, తేమ ఉన్నాయేమో తడిమి చూడండి. తడిసిన డెక్‌లో ఇరుక్కున్న స్టెయిన్‌లెస్ బోల్టుకీ ఇందాక చెప్పిన జబ్బే. అనుమానం వస్తే ఒక్కటైనా విప్పి చూడండి.

కొత్తచుక్కాని:
పిన్ సుత్తితో కొడితేగానీ రాలేదు, వంగింది. స్వివెల్ మెడ పట్టుకుని ఊపితే అటూ ఇటూ ఆడుతోంది. చివరి లింకుల్లో రెండు 7.1 చూపించాయి, ఆ తర్వాతవి 7.7 పైనే. చివరి భాగం కోసి, కొత్త బో షాకిల్ వేసి, ప్రస్తుతానికి స్వివెల్ లేకుండా నడిపిస్తాను. లంగరు వెనక్కి తిరిగి వస్తే అప్పుడు నిలకడ గారు చెప్పినట్టు లింకుల ముక్కతో ఆలోచిస్తాను. షాకిల్ పిన్ వదులవకుండా ప్లాస్టిక్ టై చాలా?

గొలుసుకట్టు:
చాలదు. ఎండకి పెళుసై, నేల రాపిడికి ఊడిపోతుంది. మోనెల్ (ఉప్పునీటిని తట్టుకునే నికెల్-రాగి లోహం) వైర్ తీసుకుని పిన్ కంటిలోంచి షాకిల్ కాలు చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి, కొసలు మెలేసి లోపలికి వంచండి, బయటకి ఉంటే చెయ్యి కోస్తుంది.

నిలకడ:
పనిలో పనిగా గొలుసు రెండో కొస కూడా చూడండి. లాకర్‌లో దాన్ని షాకిల్‌తో బిగించి ఉంటే తీసేసి తాడుతో కట్టండి. గొలుసు మొత్తం బయటకి వెళ్లినా ఆ తాడు డెక్ మీదకి వచ్చేంత పొడవుండాలి, అప్పుడే లంగరు వదిలేసి పోవాల్సిన రాత్రి కత్తితో కోయగలరు. స్వివెల్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను, లంగరు ఎలా పైకి వస్తోందో వచ్చి చెప్పండి.