డేటోనా ఓవల్ పందెంలో ముందున్న కారు ఎందుకు విడిపోలేకపోతోంది?

కావలి మాస్టారు:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఫ్లోరిడాలో ఉద్యోగం చేస్తున్నాడు. మేము అక్కడికి వెళ్లినప్పుడు డేటోనా 500 కార్ల పందేనికి తీసుకువెళ్లాడు. రెండున్నర మైళ్ల ట్రాకును ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతూ 200 సార్లు చుట్టిరావాలి. ముందున్న కారు ఎంత వేగంగా పోతున్నా, గుంపు దాన్ని ఇట్టే అందుకుంటోంది. ఇంజన్ల బలాన్ని నిబంధన పెట్టి మరీ తగ్గించారని మా అబ్బాయి చెప్పాడు. వేగం కోసమే పెట్టిన పందెంలో వేగానికి కళ్లెం వేయడం ఎందుకు? స్టీరింగును ఒకే వైపుకు తిప్పే ఈ ఆటలో డ్రైవరు నేర్పు ఎక్కడుంది? తెలిసినవారు వివరించగలరు.

నెల్లూరు వాసి:
మాస్టారూ, ఆ కళ్లెం వెనక ఒక ప్రమాదం ఉంది. 1987లో అలబామా రాష్ట్రంలోని టల్లడేగా ట్రాకు మీద బిల్ ఎలియట్ అనే డ్రైవరు గంటకు 212.809 మైళ్ల వేగంతో, అంటే దాదాపు 342 కిలోమీటర్ల వేగంతో, అర్హత చుట్టు (పందెంలో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే చుట్టు) పూర్తిచేశారు. ఆ పందెంలోనే బాబీ ఆలిసన్ అనే మరో డ్రైవరు కారు టైరు తెగి, కారు వెనక్కి తిరిగి, గాలిలోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చుకుంటూ పోయింది. కొందరు ప్రేక్షకులు గాయపడ్డారు. కారు పూర్తిగా లోపలికి దూసుకువెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయంగా ఉంటుంది. అందుకే 1988 నుంచి డేటోనా, టల్లడేగా ట్రాకులలో కార్బురేటరు (గాలినీ ఇంధనాన్నీ కలిపి ఇంజన్‌లోకి పంపే భాగం) కింద నాలుగు రంధ్రాలున్న పలుచని లోహపు పలకను బిగించడం తప్పనిసరి చేశారు. లోపలికి వెళ్లే గాలి తగ్గితే మండే ఇంధనమూ తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. 2019 డేటోనా 500 తర్వాత ఆ పలక స్థానంలో వేరే భాగం వచ్చింది కానీ, పని అదే.

అందరి ఇంజన్లూ ఇంచుమించు ఒకే బలంతో ఉండటం వల్ల ఎవరూ గుంపు నుంచి విడిపోలేరు. ఒక్క కారు అదుపు తప్పితే వెనకున్న పది, ఇరవై కార్లు దానికి గుద్దుకోవడం ఈ నిబంధనకు చెల్లిస్తున్న మూల్యం. అయినా గ్యాలరీలో కూర్చున్నవారి ప్రాణాల కోసం చేసిన పని కనుక, నా దృష్టిలో అది సరైన నిర్ణయమే.

ఒంగోలు టైర్ల షాపు:
నమస్కారం మాస్టారూ. నేను వీల్ అలైన్‌మెంట్ పని చేసేవాణ్ణి కనుక మీ రెండో సందేహానికి జవాబు చెబుతాను. డేటోనా మలుపుల్లో ట్రాకు 31 డిగ్రీల వాలుతో ఉంటుంది. ఆ వాలు వల్ల, కారును బయటికి నెట్టే బలంలో కొంత భాగం టైర్లను నేలకు అదిమిపెట్టడానికి ఉపయోగపడుతుంది. మిగతా భారమంతా టైర్ల పట్టు మీదే ఆధారపడుతుంది, అందులోనూ కుడివైపు ముందు టైరు మీద అన్నిటికంటే ఎక్కువ పడుతుంది. అందుకే ఎడమ, కుడి టైర్లకు వేర్వేరు రబ్బరు మిశ్రమం వాడతారు. రోడ్డు మీద నడిచే కారును నేను తిన్నగా పోయేలా సరిచేస్తాను. అక్కడ మెకానిక్కులు కారు ఎడమకు తిరగడానికి అనువుగా చక్రాల కోణాలను సరిచేస్తారు.

నేర్పు అసలు కనిపించేది గాలి దగ్గర. చీమకుర్తి నుంచి గ్రానైటు దిమ్మెలతో వచ్చే లారీ వెనక మోటారు సైకిలు మీద వెళితే ఎదురుగాలి తగ్గినట్టే, ముందు కారు వెనక నడిచే కారుకూ గాలి అడ్డు తగ్గుతుంది. వెనక కారు బాగా దగ్గరికి వస్తే, ముందు కారును వెనక్కి లాగే గాలి కూడా తగ్గి రెండూ వేగం పుంజుకుంటాయి. అయితే బంపరు తగిలించి నెట్టేటప్పుడు తిన్నగా నెట్టాలి; మలుపులో కాస్త పక్కకు తగిలినా ముందు కారు తోక జారిపోతుంది. అద్దంలో చూస్తూ, వెనకవాడు ఏ వరుసలో వస్తాడో కనిపెట్టి ఆ వరుసకు ముందే జరగడం ముందున్న డ్రైవరు పని.

కావలి మాస్టారు:
చాలా చక్కగా చెప్పారు. మరి వెనకవాడు అంతసేపూ సాయం చేసి, గెలుపును ముందువాడికే వదిలేస్తాడా?

నెల్లూరు వాసి:
వదలడు మాస్టారూ. చివరి చుట్టు దాకా ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. 2020లో డేటోనాలో గెలుపు గీత దగ్గరపడే వేళకు ముందున్న ర్యాన్ న్యూమన్ కారు, వెనక నుంచి తగిలిన నెట్టుతో తిరిగి గోడకు గుద్దుకుని తలకిందులైంది. ఆయన రెండు రోజులకే ఆసుపత్రి నుంచి నడిచి బయటికి వచ్చారు. 2001లో ఇదే పందెం చివరి చుట్టులో డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ మరణించిన తర్వాత తలను, మెడను కదలకుండా పట్టి ఉంచే పరికరాన్ని తప్పనిసరి చేశారు, కాంక్రీటు గోడల ముందు ఉక్కు గొట్టాలు, నురుగు దిమ్మెలతో మరో గోడను అమర్చారు. ఈసారి చూసినప్పుడు చివరి రెండు చుట్లలో మొదటి కారును కాక, రెండో కారు ముందు బంపరును గమనించండి. అది ఏ వైపుకు జరుగుతోందో చూస్తే మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.