కాలేజీ ఐస్ హాకీలో తొలి సీజన్ ఎవరిది: 1896 యేల్‌దా, 1898 హార్వర్డ్–బ్రౌన్‌లదా?

న్యూహేవెన్_నాన్న:
అందరికీ నమస్కారం. ఆదివారం మావాణ్ణి తీసుకుని న్యూహేవెన్‌లోని యేల్ యూనివర్సిటీ వాళ్ల ఇంగాల్స్ రింక్‌కి, అంటే మంచు హాకీ ఆడే హాలుకి వెళ్లాను. 1958 నాటి హాలు, ఈరో సారినెన్ గీసిన కట్టడం. పైకప్పు నడుమ వెన్నెముకలా ఒక కాంక్రీటు వంపు ఉంటుంది, అందుకే తిమింగలం అని ముద్దుపేరు. చలికి చేతులు కొంకర్లు పోతుంటే మావాడు అడిగాడు, "నాన్నా, కాలేజీల్లో అందరికంటే ముందు ఆడింది ఎవరు?" అని. యేల్ అన్నాను. పక్క సీట్లో బోస్టన్ నుంచి వచ్చిన మన కాకినాడాయన ఉన్నారు. "కాదండీ, హార్వర్డ్–బ్రౌన్" అన్నారు. విరామమంతా దాంతోనే సరిపోయింది.

నాకు తెలిసింది ఇదీ. 1896 ఫిబ్రవరి 1న బాల్టిమోర్‌లోని నార్త్ ఎవెన్యూ రింక్‌లో యేల్, జాన్స్ హాప్కిన్స్ జట్లు తలపడి 2–2తో డ్రా చేసుకున్నాయి. హార్వర్డ్–బ్రౌన్ మ్యాచ్ బోస్టన్‌లో 1898 జనవరి 19న జరిగింది, బ్రౌన్ 6–0తో గెలిచింది. క్యాలెండర్ చూస్తే రెండేళ్ల తేడా. ఇందులో వాదించడానికి ఏముందో నాకు అంతుపట్టడం లేదు.

టొరంటో_రవి:
1886లోనే కెనడాలోని కింగ్‌స్టన్‌లో క్వీన్స్ యూనివర్సిటీ, రాయల్ మిలిటరీ కాలేజీ ఆడుకున్నాయి. మెక్‌గిల్ జట్టు 1877 నాటిది. శీర్షికలో "అమెరికాలో" అని చేర్చండి.

చార్మినార్_స్కోరర్:
అన్నా, మీరు అడిగింది తొలి సీజన్ ఎవరిదని. చెప్పింది తొలి మ్యాచ్ గురించి. రెండూ ఒకటి కావు. ఒక డ్రా మ్యాచ్ పట్టుకుని సీజన్ అంటే ఎట్ల? సీజన్ అంటే వరసగా మ్యాచ్‌లుండాలె, కాలేజీ మీద కాలేజీ ఆడాలె, ఎవరో ఒకరు గెలవాలె. ఈ లెక్కన నేను 1898 అంటాను. అక్కడ ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. ఆ తర్వాత కొద్దికాలానికే యేల్, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, కొలంబియా, బ్రౌన్ కలిసి ఒక లీగ్‌గా ఆడటం మొదలైంది. చరిత్ర అక్కడి నుంచి సాఫీగా సాగుతది.

న్యూహేవెన్_నాన్న:
డ్రా అయితే మ్యాచ్ కాదా స్కోరర్‌గారూ? క్రికెట్‌లో డ్రాలన్నీ తీసేస్తే మీ పుస్తకాల్లో ఎన్ని పేజీలు మిగులుతాయి?

సీజన్ ఎందుకు చిన్నదో కూడా చూడండి. అప్పుడు ఆడేది చెరువుల మీద గడ్డకట్టిన మంచు పైన. ఎండ కాస్తే ఆట రద్దు. న్యూహేవెన్ కుర్రాళ్లు దక్షిణాన బాల్టిమోర్ దాకా వెళ్లి ఎందుకు ఆడారనుకున్నారు? అక్కడ యంత్రాలతో మంచు పోసే రింక్ ఉంది కాబట్టి. జట్టుకు ఏడుగురు, రోవర్‌తో (మైదానమంతా తిరిగే ఏడో ఆటగాడు) కలిపి. ఆట మొదలుపెట్టినవాడే చివరిదాకా ఆడాలి, ఊపిరి తీసుకోవడానికి బెంచ్ మీదికి రావడం లేదు. గోల్‌కి వల కూడా లేని రోజులవి. అన్ని ఇబ్బందుల్లో ఆడినదాన్ని "ఒక్క డ్రా" అని తీసిపారేయకండి.

మినియాపొలిస్_వాసు:
మా మిన్నెసోటా యూనివర్సిటీ కుర్రాళ్లు 1895 ఫిబ్రవరిలోనే విన్నిపెగ్ విక్టోరియాస్‌తో ఆడి 11–3తో ఓడిపోయారు. యేల్ కంటే ఏడాది ముందు.

చార్మినార్_స్కోరర్:
వాసు గారూ, విన్నిపెగ్ విక్టోరియాస్ కాలేజీ కాదు గదా. చెల్లదు.

గోదారిగట్టు:
మన హాకీ గురించి ఎవరూ రాయరు గానీ మంచు మీద హాకీకి ఇంత పొడుగు చర్చా? సరే, కానివ్వండి, చదువుతున్నాను.

న్యూహేవెన్_నాన్న:
ఇంకొక్క సంగతి. యేల్‌లో ఈ ఆట మొదలవడానికి మూలపురుషుడు మాల్కమ్ చేస్. టెన్నిస్‌లో 1893, 94, 95 వరసగా మూడేళ్లు కాలేజీ ఛాంపియన్. టెన్నిస్ ద్వారా కెనడావాళ్లతో పరిచయమై, 1894–95 చలికాలంలో కొందరు కాలేజీ కుర్రాళ్లతో కలిసి కెనడా వెళ్లాడు. వీళ్లు ఆడేది ఐస్ పోలో, అంటే బంతితో. కెనడావాళ్లది హాకీ, అంటే పక్ అనే గుండ్రటి బిళ్లతో. ఒక్కో మ్యాచ్‌ని రెండు భాగాలు చేసి ఒకటి పోలో, ఒకటి హాకీ ఆడారు. హాకీలో కెనడావాళ్లు చితక్కొట్టారు. అయినా తిరిగొచ్చాక పోలో వదిలేసి హాకీ పట్టుకున్నారు. తాము ఓడిన ఆటే మేలైనదని ఒప్పుకోవడానికి గుండె కావాలండీ.

చార్మినార్_స్కోరర్:
మంచి మాట చెప్పారు. అయితే ఆ చేస్ 1893లో టెన్నిస్ గెలిచింది బ్రౌన్ విద్యార్థిగా. తర్వాతే యేల్‌కు మారాడు. అంటే ఆట మూలం బ్రౌన్‌లో ఉన్నట్టే. 1898లో 6–0 ఊరికే వచ్చిందా?

న్యూహేవెన్_నాన్న:
బ్రౌన్‌లో ఉండగా ఆడింది పోలో. బంతి! పక్ కాదు!

చార్మినార్_స్కోరర్:
బంతయితే ఏంది, పక్ అయితే ఏంది? స్కేట్స్ అవే, మంచు అదే, మనిషి అతనే.

న్యూహేవెన్_నాన్న:
అయ్యా, గోళీకాయకీ కారమ్స్ బిళ్లకీ తేడా లేదంటారా? బంతి ఎగిరిపడుతుంది. పక్ మంచుని అంటిపెట్టుకుని జారుతుంది. దానివల్ల స్టిక్ మారింది, పట్టు మారింది, కొట్టే తీరు మారింది. పోలో స్టిక్ పొట్టిది, ఒంటిచేత్తో ఆడొచ్చు. నా చేతిలో ఇప్పుడు మావాడి పక్ ఉంది. అంచు అరిగి, మధ్యలో తెల్లటి గీతలు పడి, అరచేతిలో రాయిలా చల్లగా ఉంది. దీన్ని బంతి అంటే నేనొప్పుకోను.

చార్మినార్_స్కోరర్:
మీరే బంతి మీదికి పోయారు. నేను అడిగింది సీజన్ సంగతి.

కృష్ణలంక_భారతి:
ఇంతసేపూ చదివాను. మీ ఇద్దరూ యేల్, హార్వర్డ్, బ్రౌన్ అని కొట్టుకుంటున్నారు. ఆ 2–2లో ఇంకో జట్టు ఉంది, గుర్తుందా? డ్రా చెయ్యాలంటే ఇద్దరుండాలి కదండీ. హాప్కిన్స్ కుర్రాళ్లు 1894 డిసెంబరు 26న, అదే నార్త్ ఎవెన్యూ రింక్ తెరిచిననాడే, ఊరి క్లబ్బుతో ఆడారు. అంటే యేల్ వాళ్లు బాల్టిమోర్‌లో అడుగుపెట్టడానికి ఏడాది ముందే వాళ్లు మంచు మీద ఉన్నారు. తొలి సీజన్ హాప్కిన్స్‌ది అని ఒక్కరూ అనరేం?

చార్మినార్_స్కోరర్:
ఎందుకంటే భారతిగారూ, హాప్కిన్స్‌కు ఈ రోజు వర్సిటీ హాకీ జట్టు, అంటే యూనివర్సిటీ అధికారిక జట్టు లేదు. యేల్ నిలిచింది, 2013లో జాతీయ ఛాంపియన్ కూడా అయింది. ఆగిపోయిన జట్టును తొలి జట్టు అని ఎట్ల రాస్తం? క్లబ్ ఆటలు, సరదా ఆటలు రికార్డులోకి రావు. అది నియమం.

కృష్ణలంక_భారతి:
సరదా ఆటలా?

మావాడు బఫెలోకి దగ్గర్లో ఒక యూనివర్సిటీలో నాలుగేళ్లు గోల్ కీపర్‌గా ఆడాడు. క్లబ్ జట్టు. ఫీజు వాళ్లదే, బస్సు ఖర్చు వాళ్లదే. రింక్ ఖాళీ దొరికేది రాత్రి పదకొండుకి. మంచు తుపానులో మూడు గంటలు కారు నడిపి దింపిన రోజులున్నాయి. ఇంటికొచ్చాక ఆ ప్యాడ్లు బేస్‌మెంట్ మెట్ల మీద ఆరబెడితే తడి తోలు వాసన వారం వదిలేది కాదు. చేతులకి తొడిగేవైతే చెప్పనక్కర్లేదు. చివరి ఏడాది యూనివర్సిటీ వాళ్లు ఆటగాళ్లందర్నీ వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టారు. మావాణ్ణి పిలవలేదు. అడిగితే "మీది క్లబ్ కదా" అన్నారు. ఇప్పుడు మీరూ అదే మాట అంటున్నారు, అదీ నూట పాతికేళ్ల కిందటి పిల్లల గురించి.

న్యూహేవెన్_నాన్న:
భారతిగారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఇది యేల్–హార్వర్డ్ చర్చ. మీవాడి సంగతి వేరే చర్చా దారంలో పెడితే బాగుంటుంది.

కృష్ణలంక_భారతి:
ఎందుకు వేరే? ఇదే సంగతి. మీవాడు రేపు యేల్‌లో కాకుండా క్లబ్‌లో ఆడితే అప్పుడు తెలుస్తుంది మీకు.

అడ్మిన్:
పిల్లల్ని చర్చలోకి లాగి మాటలు అనుకోవద్దు. ఇంకొకసారి అయితే దారం మూసేస్తాను.

చార్మినార్_స్కోరర్:
నేను ఎవరి పిల్లల్నీ తక్కువ చెయ్యలేదు. ఒకటి చెప్తా వినండి. ముప్పై ఏండ్లు లీగ్ క్రికెట్‌కు స్కోరర్‌గా కూర్చున్న. షామియానా కింద, ఎండల, రెండు రంగుల పెన్నులతోటి. బౌలర్ ఒక్కో బంతికి ఒక్కో చుక్క. నేను రాసిన పుస్తకాలన్నీ ఒక క్లబ్ గదిల ఉండేవి. గది సున్నం వేయిస్తూ వాటిని తూకానికి అమ్మేశిన్రు. నేను పోయేసరికి మిర్చిబజ్జీల బండికి చేరినయ్. ఒక పిల్లగాడు ఒక్క మ్యాచ్‌ల తొమ్మిది వికెట్లు తీసిండు, నా కండ్లతో చూసిన. ఇప్పుడు అతను చెప్పుకుంటే ఎవరూ నమ్మరు. అందుకే అంటున్న, రాసిందే ఉంటది. రాయనిది లేదు. యేల్, హార్వర్డ్ వాళ్లకు కాగితం దాచుకునే ఓపిక ఉంది, జాగా ఉంది.

మెల్‌బోర్న్‌లో 1877ల ఆడినప్పుడు దాన్ని ఎవరూ టెస్ట్ మ్యాచ్ అనలేదు. తర్వాత కూర్చుని లెక్క తీసినవాళ్లు అన్నరు. అట్లనే ఇదీ.

కృష్ణలంక_భారతి:
మీ పుస్తకాలు పోయినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ ఒకటడుగుతాను. ఆ పిల్లాడు తొమ్మిది వికెట్లు తీశాడా, తియ్యలేదా?

చార్మినార్_స్కోరర్:
తీశాడు.

కృష్ణలంక_భారతి:
పుస్తకం లేకపోయినా?

చార్మినార్_స్కోరర్:
తీశాడమ్మా. నేను చూసిన గదా.

కృష్ణలంక_భారతి:
నేనూ చూశాను. బాల్టిమోర్‌లో 1894లో కూడా ఎవరో ఒకరు చూసే ఉంటారు.

టొరంటో_రవి:
1886 కింగ్‌స్టన్ మ్యాచ్ గురించి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

న్యూహేవెన్_నాన్న:
రవిగారూ, కెనడా సంగతి ఒప్పుకుంటున్నాను. శీర్షిక మార్చే వీలు నాకు లేదు.

భారతిగారూ, వేరే దారంలో పెట్టమన్నందుకు క్షమించండి, తొందరపడ్డాను. హాప్కిన్స్ మాట నేనే ముందు ఎత్తాల్సింది. మావాడికి యేల్ పేరు చెప్పేటప్పుడు ఎదుటి జట్టు పేరే చెప్పలేదు. నిన్న రాత్రి చెప్పాను. "వాళ్లు ఓడిపోలేదు కదా, మరెందుకు మర్చిపోయారు?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

చార్మినార్_స్కోరర్:
నేను నా దగ్గర ఒక పట్టిక చేసుకుంటా ప్రతి ఆటకూ. దాంట్ల 1896 వరసలో హాప్కిన్స్ పేరు యేల్ పక్కన సమానంగా రాస్తున్న. 1894 డిసెంబరు ఆట కూడా ఎక్కిస్తా. కానీ పక్కన "క్లబ్బుతో" అని రాస్తా. అది మాత్రం తియ్యను. నియమం ఒకసారి సడలితే అంతా కలగాపులగం అయితది.

కృష్ణలంక_భారతి:
రాయండి. అయితే యేల్ పక్కన కూడా రాయండి. 1896లో వాళ్లకి కోచ్ ఎక్కడున్నాడు? పోలో వదిలి, తమంతట తాము కూడగట్టుకుని, రైలెక్కి వెళ్లిన విద్యార్థులే కదా. ఆ రోజు రెండు జట్లూ మావాడి జట్టులాంటివే. నిలిచినది వర్సిటీ అయింది, నిలవనిది క్లబ్ అయింది. మీరు ఇవాళ్టి గీత తీసుకెళ్లి ఆనాటి మంచు మీద గీస్తున్నారు.

చార్మినార్_స్కోరర్:
ఈ మాట మీద నేను కొంచెం ఆలోచించాలె. ఒప్పుకున్నట్టు కాదు.

మీవాడి మ్యాచ్‌ల స్కోర్లు ఎక్కడన్నా రాసి ఉన్నయా?

కృష్ణలంక_భారతి:
వంటింట్లో తెలుగు క్యాలెండర్ మీద రాసేదాన్ని. నాలుగేళ్లవీ దాచాను. తిథి కింద ఖాళీ జాగాలో, ఎవరితో ఆడారు, ఎంతకి గెలిచారు, వాడు ఎన్ని ఆపాడు అన్నీ.

చార్మినార్_స్కోరర్:
నాలుగేళ్లవీ ఫొటోలు తీసి పెట్టండి. నేను కూర్చుని ఎక్కిస్తా.

కృష్ణలంక_భారతి:
మొదటి ఏడాదివి పెడుతున్నాను. మాఘమాసం పేజీ మీద నూనె మరకుంది, బహుళ ఏకాదశి గడిలో 4–3 అని చదువుకోండి. ఆ రోజు వాడు ముప్పై ఒకటి ఆపాడు. ఉపవాసంతోనే కారు నడిపాను.