ఈక్విసిటమ్ ఫెర్నా కాదా? ప్లస్ టూ చార్టులో ఏం రాయాలి?

కొండగెడ్డ:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం దగ్గర పల్లె. మా అమ్మాయి ప్లస్ టూ మొదటి సంవత్సరం, పుష్పించని మొక్కల మీద చార్టు చెయ్యమన్నారు. మా గెడ్డ (వాగు) ఒడ్డున ఇసుకలో ఒక మొక్క ఉంటుంది. ఆకులు ఉన్నట్టే అనిపించదు, అన్నీ పచ్చటి పుల్లలే. కణుపు దగ్గర పట్టి లాగితే టుక్కున ఊడొస్తుంది, మళ్ళీ గుచ్చితే నిలబడుతుంది. చిన్నప్పుడు మా ఆట అదే. వేళ్ళతో రాస్తే గరుగ్గా ఉంటుంది. ఫోటో పెడితే ఈక్విసిటమ్ అన్నారు. పాప పుస్తకంలో అదొక తరగతి, ఫెర్న్‌లు వేరే తరగతి. వీడియోలో ఒకాయన మాత్రం అది ఫెర్నే అంటున్నాడు. ఏది రాయించాలి?

వంశధార ఒడ్డు:
పుస్తకంలో ఉన్నదే రాయించండి. టెరిడోఫైటా, అంటే విత్తనాలు లేని, నాళాలున్న మొక్కలు. వాటిలో నాలుగు తరగతులు: సిలోప్సిడా, లైకాప్సిడా, స్ఫీనాప్సిడా, టెరాప్సిడా. మీ మొక్క స్ఫీనాప్సిడా. 29 ఏళ్ళు డిగ్రీ పిల్లలకి ఇదే చెప్పాను. లెన్స్ పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. లైకోపోడియంలో సిద్ధబీజాశయం, అంటే పొడిలాంటి సిద్ధబీజాలుండే సంచి, ఆకు చంకలో ఉంటుంది. ఫెర్న్‌లో ఆకు అడుగున గోధుమరంగు చుక్కల్లా ఉంటాయి. ఈక్విసిటమ్‌లో కాడ చివర శంకువు వస్తుంది, దాన్నిండా చిన్న చిన్న గొడుగులు, ఒక్కో గొడుగు అంచు కింద సిద్ధబీజాశయాలు వేలాడుతుంటాయి. ఇవి మూడూ ఒకటని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గరుకంటారా, అది సిలికా, ఇసుకలో ఉండేదే.

బరంపురం బాటనీ:
మాస్టారూ, గొడుగుల సంగతి నిజమే, కానీ తరగతుల లెక్క మారిపోయింది. 2016లో టెరిడోఫైట్ ఫైలోజెనీ గ్రూప్ అని ప్రపంచంలోని నిపుణులు కలిసి ఇచ్చిన వర్గీకరణలో రెండే తరగతులు ఉన్నాయి. లైకోపోడియం, సెలాజినెల్లా, ఐసోయిటిస్ ఒక వైపు. ఫెర్న్‌లు, ఈక్విసిటమ్, సైలోటమ్ అన్నీ రెండో వైపు. ఊరికే మార్చలేదు. క్లోరోప్లాస్ట్ (హరితరేణువు) డీఎన్‌ఏలో దాదాపు 30 వేల అక్షరాల ముక్క ఒకటి తిరగబడి ఉందని 1992లో చూపించారు. ఫెర్న్, ఈక్విసిటమ్, మామిడి, వరి అన్నిట్లోనూ తిరగబడే ఉంది, లైకోపోడియం బంధువుల్లో మాత్రం తిరగబడలేదు. అంటే ముందు విడిపోయింది వాళ్ళు. ఫెర్న్‌కి లైకోపోడియం కన్నా మామిడి దగ్గర చుట్టం. అలాంటప్పుడు టెరిడోఫైటా అనే ఒకే బుట్టలో అన్నీ వెయ్యడమే తప్పు కదా?

రాయగడ రైలు:
ఈ లైకోపోడియం జాతివి, క్లబ్ మాస్‌లంటారే, ఒకప్పుడు వందడుగుల చెట్లంట. మన తాల్చేరు బొగ్గు మొత్తం వాటిదే.

తెలుగు మీడియం:
కాదండీ. ఆ చెట్ల బొగ్గు ఎక్కువగా ఐరోపా, అమెరికాల్లో ఉంది, కార్బోనిఫెరస్ కాలం నాటిది. తాల్చేరుది ఆ తర్వాతి పెర్మియన్. దాంట్లో ముఖ్యమైనది గ్లాసాప్టెరిస్, అది విత్తనాల మొక్క.

రాయగడ రైలు:
మా మావయ్య ఆ గనుల్లోనే పనిచేశాడు. రాతి మీద ఆకు అచ్చులు తెచ్చి ఇంట్లో పెట్టాడు. మీరు ఎప్పుడైనా గని దగ్గరికి వెళ్ళారా?

తెలుగు మీడియం:
ఆ అచ్చులో నాలుక ఆకారంలో ఆకు, మధ్యలో ఈనె, దాని పక్కన వల లాంటి ఈనెలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అదే గ్లాసాప్టెరిస్.

వంశధార ఒడ్డు:
బొగ్గు పక్కన పెట్టండి. అమ్మా బాటనీ, నీ డీఎన్‌ఏ గెడ్డ ఒడ్డున కనబడుతుందా? వర్గీకరణ ఎందుకు? పిల్లాడు మొక్కని చేతిలో పట్టుకుని ఇది ఫలానా అని చెప్పడానికి. చేతిలో ఉన్నది చూసి చెప్పలేని వర్గీకరణ నాకెందుకు?

బరంపురం బాటనీ:
చేతిలో ఉన్నదే లెక్క అంటే సరుగుడు పుల్ల పట్టుకోండి. గోపాల్‌పూర్ నుంచి ఇచ్ఛాపురం దాకా తీరమంతా ఉందది. అదీ కణుపులే, కణుపు దగ్గర చిన్న పళ్ళ వరసే, లాగితే అదీ ఊడొస్తుంది. దాని శాస్త్రీయ నామమే కాసువరినా ఈక్విసిటిఫోలియా. కానీ అది పూసే మొక్క!

వంశధార ఒడ్డు:
పుల్ల చూసి చెప్పమని నేనెప్పుడన్నాను? శంకువు చూడమన్నాను. సరుగుడికి పువ్వుంది, గింజ ఉంది. నా మాట సగం తీసుకుని వాదించొద్దు.

బరంపురం బాటనీ:
సరే, మైక్రోస్కోపులో కనిపించేదే చెప్తాను. ఫెర్న్, ఈక్విసిటమ్ రెండిట్లోనూ పురుష బీజకణానికి చాలా కశాభాలు, అంటే ఈదడానికి తోకలు, ఉంటాయి. లైకోపోడియంలో రెండే. ఇది కంటితో చూసేదే కదా మాస్టారూ.

వంశధార ఒడ్డు:
ఐసోయిటిస్‌కి కూడా చాలా ఉంటాయి. దాన్నేం చేస్తావు?

పర్లాకిమిడి పాతబస్తీ:
మా బడిలో ఒడియా మీడియం. ‘అపుష్పక’ అని ఒక్క మాట చెప్పి నాచు, పుట్టగొడుగు, ఫెర్న్ అన్నీ దాంట్లో వేసేవారు. ఇంటికొచ్చి అమ్మకి తెలుగులో చెప్దామంటే మాట దొరికేది కాదు.

తెలుగు మీడియం:
లిన్నేయస్ కూడా అంతే చేశాడండీ, పువ్వు కనబడనివన్నీ కలిపి 24వ తరగతి. పువ్వు లేకపోవడం ఒక్కటే గుర్తుగా పెట్టుకుంటే కుటుంబం తేలదు. సైకస్‌కి పువ్వు లేదు, గింజ ఉంది మరి.

వంశధార ఒడ్డు:
నాలుగు వీడియోలు చూసి వచ్చి పెద్దవాళ్ళకి పాఠం చెప్పడం ఈ మధ్య బాగా అలవాటైంది అందరికీ.

బరంపురం బాటనీ:
వీడియోలు కాదు మాస్టారూ. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఈక్విసిటమ్ ఫెర్న్‌ల వర్గంలోదని రాశాను, కారణాలతో సహా రెండు పేజీలు. పదిహేనుకి నాలుగు వేశారు. అడగడానికి వెళ్తే ‘పుస్తకం చదవలేదా’ అన్నారు, నా పేపరు తిరగెయ్యను కూడా లేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ నాలుగు మార్కుల వల్ల పీజీ సీటు పోయింది, ఏడాది ఇంట్లో ఉన్నాను. ఆ కాలేజీ పేరు చెప్పను. మీరు ‘పుస్తకంలో ఉన్నదే’ అన్నప్పుడల్లా నాకు అదే గొంతు వినిపిస్తోంది.

రాయగడ రైలు:
అయ్యో.

వంశధార ఒడ్డు:
ఆ పేపరు దిద్దింది నేను కాదు తల్లీ. అయినా ఒకటి చెప్తాను. మార్పు సంగతి నాకు తెలియక కాదు. ఒక రిఫ్రెషర్ కోర్సులో ఆ డీఎన్‌ఏ ముక్క బొమ్మ బోర్డు మీద వేసి చూపించారు, నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఇప్పటికీ ఉంది. క్లాసులో చెప్పలేదు. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డిగ్రీకొచ్చేసరికి ఇంగ్లీషు పుస్తకం. ఆ నాలుగు పేర్లు నోరు తిరగడానికే నెల పట్టేది. పైగా రెండు తరగతులని రాస్తే నీకు జరిగిందే వాళ్ళకీ జరుగుతుందని భయం.

బరంపురం బాటనీ:
అంటే తెలిసీ చెప్పలేదు. మాస్టారూ, నా గొడవ ఈక్విసిటమ్ ఎక్కడుందని కాదు. మాకు చెప్పేవాళ్ళే లేకపోయారు. ‘ఇలా మారింది, కానీ పరీక్షలో ఇది రాయండి’ అని ఒక్క మాట అని ఉంటే నేనూ ఆ రోజు పుస్తకంలోదే రాసేదాన్ని, నిజమేదో నా దగ్గర పెట్టుకునేదాన్ని.

వంశధార ఒడ్డు:
ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఒప్పుకుంటున్నాను. కానీ గొడుగు, చుక్క, ఆకు చంక, ఈ మూడూ నేర్పింది తప్పంటే మాత్రం ఊరుకోను.

బరంపురం బాటనీ:
అది తప్పని నేను అనలేదు. ఆ గొడుగు బొమ్మ నాకూ అలాంటి మాస్టారే వేసి చూపించారు.

కొండగెడ్డ:
పొద్దున మళ్ళీ గెడ్డకి వెళ్ళి చూశాను. ఒక పుల్ల చివర నల్లటి మొన ఉన్న చిన్న శంకువు దొరికింది, వేలిగోరంత కూడా లేదు. కాగితం మీద తట్టితే పచ్చటి పొడి రాలింది. పాప సంబరపడిపోయింది. కానీ చార్టు రేపే ఇవ్వాలి, ఏం రాయమంటారు?

బరంపురం బాటనీ:
స్ఫీనాప్సిడా అనే రాయించండి అన్నయ్యా, మార్కులు పోకూడదు. ఆ పొడి మీద మెల్లగా ఊపిరి వదిలి లెన్స్‌లో చూడమనండి. సిద్ధబీజాలకి నాలుగేసి పట్టీలు ఉంటాయి, తడికి చుట్టుకుంటాయి, ఆరితే విచ్చుకుంటాయి. అది చూస్తున్నప్పుడే, పుస్తకం బయట ఆ మాట ఎందుకు మారిందో కూడా పాపకి చెప్పండి.

వంశధార ఒడ్డు:
లెన్స్ చాలదు, మైక్రోస్కోపు కావాలి. గుణుపురంలోనే ఉంటాను, నా దగ్గర పాతదొకటి ఉంది. సాయంత్రం పాపని తీసుకురండి.